చేతికి ఏ మిషను, బల్లకు ఏ మిషను?

(సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంక్షేమ సంఘం సభలో బడిపంతులు పిల్లల చదువు గురించి మాట్లాడాలి గాని, చెక్క చెక్కే మిషను గురించి మాట్లాడటం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. ఈ ఏడు సంఘం దగ్గరకు అప్పు కోసం వచ్చిన దరఖాస్తుల్లో ఐదు వడ్రంగం చేసే కుర్రాళ్లవి. ఐదుగురూ అడిగింది ఒకటే వస్తువు: అరంగుళం బిట్టు పట్టే పెద్ద రౌటర్ మిషను. ఎందుకయ్యా అంటే, "మాస్టర్ సాబ్, పెద్దది కొంటే చేతితోనూ పట్టుకోవచ్చు, బల్ల కిందా బిగించుకోవచ్చు, రెండు పనులూ ఒక్కదానితో అయిపోతాయి" అన్నారు. మా నాన్నగారు రందా పట్టి మా నలుగురినీ చదివించారనీ, నేను బడిలో లెక్కలు చెబుతాననీ తెలిసి, కార్యదర్శిగారు ఈ దరఖాస్తులు నా చేతిలో పెట్టి "మీరు కొంచెం చూడండి" అన్నారు. చూశాను. నా అభిప్రాయం మొదటే మనవి చేస్తాను, కారణాలు తరువాత చెబుతాను.

ఐదుగురికి ఐదు పెద్ద మిషన్లు ఇవ్వవద్దు. ఒక్కొక్కరికి ఒక చిన్న ట్రిమ్మర్‌కు అప్పు ఇవ్వండి. పెద్ద మిషను సంఘమే ఒక్కటి కొని, ఒక షెడ్డులో గట్టి బల్ల కింద బిగించి ఉంచండి. అవసరం వచ్చినవాడు చెక్క తెచ్చుకొని అక్కడ పని చేసుకొని పోతాడు.

తమ్ముళ్ల ముఖాలు చిన్నబోయినవి, నాకు కనిపిస్తూనే ఉంది. కొంచెం ఓపిక పట్టండి.

రౌటర్ అంటే తెలియని పెద్దల కోసం రెండు మాటలు. మా నాన్నగారి పెట్టెలో గోలా రందా వేరు, గాడి తీసే రందా వేరు, తలుపు రెక్క అంచున మెట్టు తీసే రందా వేరు ఉండేవి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క రందా. ఈ మిషను ఆ రందాలన్నిటినీ ఒక్క మోటారులో పెట్టింది. మోటారు ఇరుసు చివర బిట్టు బిగిస్తారు. బిట్టు మారిస్తే పని మారుతుంది. అంచు గుండ్రం చేస్తుంది, గాడి తీస్తుంది, కబ్జాకు గుంట తవ్వుతుంది, ప్లైవుడ్ మీద అతికించిన సన్‌మైకా అంచును ప్లైకి సమంగా కోస్తుంది. పూట పట్టే పని పావుగంటలో అవుతుంది. ఇందులో మర్మమేమీ లేదు. మర్మమంతా ఒక్క ప్రశ్నలో ఉంది: కదిలేది మిషనా, చెక్కా?

ఏడడుగుల తలుపు రెక్క ఉన్నదనుకోండి. దాన్ని ఎత్తి బల్ల మీద తోయడం ఇద్దరు మనుషుల పని. అక్కడ చెక్కను కదలకుండా బిగించి, మిషనునే దాని మీద నడిపించాలి. అదే కిటికీ అద్దం పట్టీ ఉన్నదనుకోండి, అంగుళం వెడల్పు. దాని మీద మిషను పీఠం నిలవనే నిలవదు, అటో ఇటో ఒరుగుతుంది. అక్కడ మిషనును బల్ల కింద తలకిందులుగా బిగించి, బిట్టును మాత్రం పైకి రానిచ్చి, పట్టీని దాని పక్కనుంచి తోయాలి. మిషను కంటే చెక్క బరువైతే మిషను నడుస్తుంది. మిషను నిలవలేనంత చిన్న చెక్కైతే చెక్క నడుస్తుంది. ఇంత తెలిస్తే ఏ పనికి ఏది అన్నది సగం తేలినట్టే.

ఇక మన కుర్రాళ్ల పని ఏమిటో చూద్దాం. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చింది. ఇటు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, అటు నాగోలు, వనస్థలిపురం, హయత్‌నగర్ వరకు ఎటు చూసినా అపార్టుమెంట్లే. వాటిలో వంటింటి అరలు, పడకగది అల్మారాలు, టీవీ గోడలు. మన తమ్ముళ్లు దినమంతా చేసేది ఇదే. ప్లై కోయడం, సన్‌మైకా అతికించడం, అంచు కొట్టడం. ఈ పని కస్టమరు ఇంట్లో, మూడో అంతస్తులో, లిఫ్టు ఇంకా పెట్టని బిల్డింగులో జరుగుతుంది. మిషను సంచిలో వేసుకొని బండి మీద పోతారు. దీనికి కావలసింది అరచేతిలో ఇమిడే ట్రిమ్మర్. మకితా 3709 అనే రకం చూడండి: 530 వాట్లు, నిమిషానికి 30,000 చుట్లు, బరువు కిలోన్నర. బాష్ వారి జీకేఎఫ్ 550 కూడా ఇంచుమించు ఆ తరగతిదే, 550 వాట్లు, 33,000 చుట్లు. ఒక చేత్తో పట్టుకొని అంచు వెంట నడిపించవచ్చు. అదే పెద్ద మిషను, ఉదాహరణకు మకితా ఆర్‌పీ2301ఎఫ్‌సీ, 2100 వాట్లు, సుమారు ఆరు కిలోలు. ఆరు కిలోల బరువును నిలబెట్టిన ప్లై షీటు అంచున, ముప్పావు అంగుళం మందం మీద నిలబెట్టి నడిపించమనండి! పది నిమిషాలకు మణికట్టు వణుకుతుంది. చెయ్యి వణికితే సన్‌మైకా చిట్లుతుంది. చిట్లిన సన్‌మైకా డబ్బు ఎవరి కూలిలోంచి పోతుందో మీకే తెలుసు.

అయితే పెద్ద మిషను వృథా అని నేననడం లేదు. టేకు తలుపుకు దిలాసా రెక్కలు చేయాలన్నా, చౌకట్టుకు లోతైన మెట్టు తీయాలన్నా, మద్ది వంటి గట్టి చెక్కలో అరంగుళం గాడి తీయాలన్నా ట్రిమ్మర్ మూలుగుతుంది, వేడెక్కుతుంది, చివరకు కాలిపోతుంది. అక్కడ పెద్దదే కావాలి. కాని ఆ పనులన్నీ కార్ఖానాలో, చాలావరకు బల్ల మీద జరిగేవి. మీలో ఎవరికైనా నెలలో అటువంటి పని ఎన్ని రోజులు దొరుకుతుంది? నేను ఐదుగురినీ విడివిడిగా అడిగాను. మూడు రోజులని ఒకరు, నాలుగని ఒకరు, పండుగ ముందైతే వారమని మరొకరు. తక్కిన రోజులన్నీ ఆ మిషను డబ్బాలో పడుకుంటుంది, దాని కిస్తీ మాత్రం పడుకోదు.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. పెద్ద బిట్టు ఎంత వేగంగా తిరగాలి అన్న సంగతి మన బజారులో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. ఇది ఏడో తరగతి లెక్క. బిట్టు అడ్డం కొలత 50 మిల్లీమీటర్లు, అనగా రెండంగుళాలు. దాని చుట్టుకొలత 157 మిల్లీమీటర్లు. మిషను నిమిషానికి 22,000 చుట్లు తిరిగితే, బిట్టు అంచున ఉన్న పన్ను నిమిషానికి మూడున్నర కిలోమీటర్ల దగ్గర, గంటకు 207 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. ఎల్.బి.నగర్ చౌరస్తాలో బయలుదేరితే గంటన్నర లోపల విజయవాడ చేరే వేగం. అదే మిషనులో 6 మిల్లీమీటర్ల సన్న బిట్టు పెడితే దాని అంచు వేగం గంటకు 25 కిలోమీటర్లే, సైకిలు వేగం కన్నా కొంచెం ఎక్కువ. మిషను ఒక్కటే, చుట్లు ఒక్కటే, కాని అంచు వేగంలో ఎనిమిది రెట్లు తేడా. అందుకే సన్న బిట్టుకు పూర్తి వేగం కావాలి, వెడల్పు బిట్టుకు వేగం తగ్గించాలి. సాధారణంగా పనివాళ్లు పాటించే లెక్క ఏమంటే అంగుళం దాకా పూర్తి వేగం, రెండంగుళాలకు 16,000 దగ్గర, మూడంగుళాలు దాటితే 12,000 లోపు. బిట్టు కాడ మీదో, డబ్బా మీదో గరిష్ట వేగం రాసి ఉంటుంది. అది అన్నిటికన్నా పై మాట.

మన బజారులో చవకగా దొరికే పెద్ద మిషన్లలో చాలావాటికి వేగం మార్చే చక్రమే ఉండదు. మీట నొక్కితే పూర్తి వేగం, వదిలితే సున్న. బల్ల కింద పెట్టే మిషనుకు ఇది పనికిరాదు. ఎందుకంటే బల్ల మీదనే కదా వెడల్పు బిట్లు వాడేది! కాబట్టి సంఘం కొనే పెద్ద మిషనుకు నేను పెట్టే మొదటి షరతు వేగం మార్చే చక్రం. రెండవది మెల్లగా మొదలయ్యే ఏర్పాటు, సాఫ్ట్ స్టార్ట్ అంటారు. అది లేని పెద్ద మోటారు మీట నొక్కగానే చేతిలో మెలి తిరుగుతుంది.

హార్స్‌పవర్ మాట వినగానే మోసపోవద్దు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అమెరికా వీడియోల్లో మూడుంబావు హార్స్‌పవర్ అని చెప్పే మిషను 120 వోల్టుల మీద 15 ఆంపియర్లు తీసుకుంటుంది. గుణించండి, 1800 వాట్లు. భాగించండి, రెండున్నర హార్స్‌పవర్ కూడా రాదు. పైగా అటువంటి మిషనును అక్కడి బంధువులు ప్రేమతో తెచ్చి ఇస్తే, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టిన రోజే దాని ఆఖరి రోజు. వాట్లు చూడండి. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2100 వాట్ల మిషనుకు తొమ్మిది ఆంపియర్ల పైన కావాలి. మన సందుల్లో కిరాయికి తీసుకున్న గదుల్లో చాలాచోట్ల ఫ్యాను పక్కనుండే చిన్న ప్లగ్గే గతి. దానికి సన్న తీగతో ఇరవై గజాల ఎక్స్‌టెన్షన్. తీగ వేడెక్కుతుంది, వోల్టేజి పడిపోతుంది, మోటారు నీరసిస్తుంది. మిషను మంచిది కాదని తిడతాం. గీజరుకు పెట్టే పెద్ద ప్లగ్గు, దానికి తగిన తీగ ఉంటేనే పెద్ద మిషను. ట్రిమ్మర్‌కైతే రెండుంబావు ఆంపియర్లు చాలు, ఎక్కడైనా నడుస్తుంది.

ఇక నేను ఈ సభలో ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతి సూత్ లెక్క. మన దగ్గర వడ్రంగి కొలత సూత్‌లలోనే. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. పావు అంగుళం రెండు సూత్‌లు, అరంగుళం నాలుగు సూత్‌లు. తాతలనాటి కొలత, రందాకూ ఉలికీ అది చాలును. కాని రౌటర్ బిట్టు కాడ దగ్గర అది చాలదు. బజారులో పావు అంగుళం కాడ బిట్లూ ఉన్నాయి, 6 మిల్లీమీటర్ల కాడ బిట్లూ ఉన్నాయి. కొనేవాడు "రెండు సూత్‌ల బిట్టు" అంటాడు, అమ్మేవాడు చేతికందినది ఇస్తాడు. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. తేడా మిల్లీమీటరులో మూడో వంతు, కంటికి ఆనదు. కాని బిట్టును పట్టుకునే కొలెట్ ఒక్క కొలతకే చేసి ఉంటుంది. 6.35కు చేసిన కొలెట్‌లో 6 కాడ పెడితే, పానా ఎంత బలంగా తిప్పినా అది పైపైన పట్టుకుంటుందే గాని నిండుగా పట్టదు. నడుస్తూ నడుస్తూ బిట్టు కొంచెం కొంచెం జారి కిందికి దిగుతుంది. పెద్దవాటిలోనూ ఇదే తంటా: అరంగుళమంటే 12.7, పక్కనే 12 మిల్లీమీటర్లది ఉంటుంది, రెండూ "నాలుగు సూత్‌ల"వే.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు, పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు. నిరుడు టేకు తలుపు రెక్కకు గాడి తీస్తున్నాడు. మొదట మూడు సూత్‌ల లోతు పెట్టుకున్నాడు. రెక్క చివరకు వచ్చేసరికి గాడి ఐదు సూత్‌లయింది. చెయ్యి తప్పిందని యజమాని వారం కూలి కోశాడు. వాడు మిషను, బిట్టు తీసుకొని మా ఇంటికి వచ్చి "సార్, నా చెయ్యి తప్పలేదు" అని ఏడ్చినంత పని చేశాడు. వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చూపించాను: కొలెట్ పావు అంగుళానిది, కాడ ఆరుది. చెయ్యి నిజంగానే తప్పలేదు. అదృష్టం ఏమిటంటే గాడి లోతయింది గాని బిట్టు ఊడి ఎగిరిపోలేదు. అందుచేత సూత్ మాట చెక్క కొలతకు ఉంచుకోండి. బిట్టు కొనేటప్పుడు మాత్రం మిల్లీమీటర్లలో, దశాంశంతో సహా అడగండి. వీలైతే కొలెట్టే జేబులో వేసుకొని దుకాణానికి పొండి.

కాడ లావు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పావు అంగుళం కాడ కన్నా అరంగుళం కాడ రెండింతలే లావు అనుకుంటాం. కాని వంగకుండా నిలిచే శక్తి వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే పదహారు రెట్లు. లోతైన గాడిలో సన్న కాడ బిట్టు అదురుతుంది, చెక్క మీద అలలు పడతాయి, ఒక్కోసారి కాడే విరుగుతుంది. పెద్ద మిషనును పెద్దది చేసేది దాని మోటారొక్కటే కాదు, ఈ లావు కాడను పట్టే కొలెట్ కూడా. బిట్టును కొలెట్ అడుగుకంటా దించి, మళ్లీ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి బిగించాలి. అడుగుకు ఆనించి బిగిస్తే సరిగా పట్టదు.

బల్ల కింద పెట్టే మిషనుకు మరికొన్ని గుణాలు కావాలి. స్ప్రింగుల మీద పైకీ కిందికీ దిగే ప్లంజ్ రకం చేతిపనికి హాయి. కాని తలకిందులు చేస్తే ఆ స్ప్రింగులే శత్రువులు. బిట్టును పైకి తేవాలంటే మోటారు బరువుతోపాటు స్ప్రింగు బలాన్ని కూడా ఎత్తాలి. ఒక సూత్ ఎత్తాలనుకుంటే మూడు సూత్‌లు ఎగురుతుంది. కొన్ని మిషన్లలో స్ప్రింగులు తీసేసే వీలుంటుంది, కొన్నింటిలో మర తిప్పి ఎత్తు సవరించే ఏర్పాటు ఉంటుంది. కొనేముందు అడగండి. ఏదీ లేకపోతే పాత కారు జాకీ కింద పెట్టి ఎత్తేవాళ్లను చూశాను, నవ్వవద్దు, బాగానే పనిచేస్తుంది. ఎత్తు సరిపోయాక బిగింపు మర తప్పక బిగించాలి. పీఠం మధ్య రంధ్రం మీరు వాడబోయే అతిపెద్ద బిట్టు పట్టేంత ఉందా, పీఠాన్ని బల్లకు బిగించే మర రంధ్రాలు ఉన్నాయా అనేవి కూడా దుకాణంలోనే చూసుకోవాలి. పొట్టు మోటారు మీదకే రాలుతుంది గనుక వారానికోసారి గాలి కొట్టించాలి.

మీట సంగతి మరీ ముఖ్యం. చేతి మిషనుకు మీట నొక్కి లాక్ వేసే బొత్తాం ఉంటుంది. బల్ల కింద పెట్టినప్పుడు ఆ లాక్ వేసి ఉంచుతారు. ఎండాకాలం కరెంటు పోతుంది. కుర్రాడు విసుక్కొని, సరే బిట్టు మారుద్దామని చెయ్యి పెడతాడు. కరెంటు వస్తుంది. ఇక చెప్పక్కరలేదు. బోరు మోటారు స్టార్టరు మీకందరికీ తెలుసు: కరెంటు పోతే ముక్క పడిపోతుంది, కరెంటు వచ్చినా పచ్చ బొత్తాం మళ్లీ నొక్కేదాకా మోటారు కదలదు. బల్లకు సరిగ్గా అటువంటి స్విచ్చి పెట్టాలి, నో వోల్ట్ స్విచ్చి అని అడిగితే ఇస్తారు. మోకాలికి తగిలేటట్టు ఎర్ర బొత్తాం ముందువైపున ఉండాలి. అది ఉన్నా సరే, బిట్టు మార్చేటప్పుడు ప్లగ్గు పీకి కంటి ముందు పెట్టుకోవడమే. సంఘం బల్లకు ఈ స్విచ్చి లేకపోతే నేను షెడ్డు తాళం తెరవనివ్వను, ఇది కార్యవర్గం వారికి ముందే విన్నవించుకున్నాను.

తోసే దిశ చాలామందికి తికమక. మిషను నిలువుగా చేతిలో ఉన్నప్పుడు బిట్టు గడియారం ముళ్లలాగా తిరుగుతుంది. బల్ల కింద తలకిందులైతే పైనుంచి చూసేవాడికి దానికి ఎదురు తిరుగుతుంది. బిట్టు తిరిగే దిశకు ఎదురుగా తోస్తే చెక్క నెమ్మదిగా తెగుతుంది. దానితోపాటే తోస్తే చెక్కను గుంజుకుపోతుంది, చెక్క వెనకాలే వేళ్లూ పోతాయి. నేను మన పిల్లలకు ఇలా చెబుతాను. చెక్క మీ ముందు ఉంది, మీ వైపు అంచును చేతి మిషనుతో కొడుతున్నారు: మిషను ఎడమనుంచి కుడికి పోవాలి, తెలుగు రాసినట్టు. బల్ల మీద, ఫెన్సుకు ఆనించి చెక్కను తోస్తున్నారు: చెక్క కుడినుంచి ఎడమకు పోవాలి, ఉర్దూ రాసినట్టు. రెండు లిపులూ వచ్చినవాడికి రౌటర్ ఎన్నడూ తికమక కాదు! చౌకట్టు లోపలి అంచు కొట్టేటప్పుడు మాత్రం చేతి మిషను గడియారం ముల్లులా లోపల చుట్టూ తిరగాలి. ఇంకొక మాట: బల్ల మీద చెక్కను బిట్టుకూ ఫెన్సుకూ నడుమ ఎన్నడూ దూర్చకూడదు. చిన్న ముక్కలను తోపుడు కర్రతో తోయాలి. జానెడు లేని ముక్కను అసలే పెట్టవద్దు. పొడుగు చెక్కకు అంచు కొట్టి ఆ తరువాత ముక్క కోసుకోండి.

బల్ల కొననక్కరలేదు, మనమే చేయవచ్చు. ముప్పావు ప్లై రెండు పలకలు అతికించి, పైనా కిందా రెండు వైపులా సన్‌మైకా వేస్తే వంగదు. ఒక్క వైపే వేస్తే వానాకాలానికి పడవలా లేస్తుంది. నడుము ఎత్తు చాలు. ఫెన్సు తిన్నగా ఉండాలి, దాని వెనక పొట్టు లాగే గొట్టానికి చిల్లు ఉండాలి. ఈ చిల్లును తేలికగా తీసుకోవద్దు. చెక్క పొడి క్యాన్సరు తెప్పించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సరు పరిశోధన విభాగం 1995లోనే ప్రకటించింది. ఎం.డి.ఎఫ్. పలకల్లో ఫార్మాల్డిహైడు జిగురు కూడా కలిసి ఉంటుంది. ముక్కుకు దస్తీ కట్టుకుంటే సరిపోదు. దస్తీ నేతలోంచి సన్నపొడి దూరిపోతుంది. మంచి మాస్కు, చెవులకు మూతలు, కళ్లకు అద్దాలు సంఘం ఖర్చులో చేర్చాను. సందులో పక్కింటివాళ్లకూ చెవులు ఉంటాయి గనుక షెడ్డు వేళలు పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు వరకే అని కూడా రాశాను.

"అంతా బాగుంది మాస్టర్ సాబ్, నాకు షెడ్డు దూరం, నేను ఒక్కటే కొనగలను, రెండు పనులకూ కావాలి, అప్పుడేం చేయాలి?" అని హయత్‌నగర్ నుంచి వచ్చే తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అతనికి నా జవాబు నడిమి తరగతి మిషను: 1300 వాట్ల దగ్గరగా, మూడున్నర కిలోల బరువు, వేగం మార్చే చక్రం, 8 మిల్లీమీటర్ల కొలెట్. బాష్ జీవోఎఫ్ 130 అటువంటిది, 11,000 నుంచి 28,000 దాకా తిరుగుతుంది. చేతికి మరీ బరువు కాదు, బల్ల కింద ఒక మోస్తరు పని చేస్తుంది. రెండంగుళాల బిట్టు దానికి చూపించకూడదు, లోతైన గాడిని ఒక్కసారే కాక మూడు నాలుగు సార్లుగా తీయాలి. ఇంటిలో ఒక్క ఎద్దు ఉన్నవాడు దానితోనే దున్నాలి, దానితోనే బండి కట్టాలి. ఎద్దు ఒక్కటేనని గుర్తుంచుకొని బరువు వేయాలి. దీనికి తిరగేసి, ట్రిమ్మర్‌ను బల్ల కింద పెట్టి చిన్న గుండ్రపు అంచులు కొట్టుకోవడంలో తప్పులేదు, సన్న బిట్లయినంతవరకు.

డబ్బు సంగతి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది చేతివృత్తులున్నాయి, అందులో వడ్రంగం ఉంది. పేరు నమోదై, నైపుణ్య పరీక్ష, ఐదారు రోజుల శిక్షణ అయినవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల వోచరు, శిక్షణ రోజులకు దినానికి 500 రూపాయలు ఇస్తామన్నది నిబంధన. ఆపైన మొదటి విడత లక్ష రూపాయల అప్పు అయిదు శాతం వడ్డీకి. కుటుంబానికి ఒక్కరే, పద్దెనిమిదేళ్లు నిండాలి, ఆధార్ కావాలి. ఆ వోచరులో ట్రిమ్మర్, నాలుగు మంచి బిట్లు ఇమిడిపోతాయి. కాగితాలు నింపడంలో ఇబ్బంది ఉన్నవారు ఆదివారం అస్ర్ తరువాత నా దగ్గరకు రావచ్చు. ఉర్దూ తప్ప రానివాళ్లకు తెలుగు, ఇంగ్లీషు కాగితాలు నేనే నింపి పెడతాను.

రాణీగంజ్‌కు కొనడానికి పోయినప్పుడు ప్లగ్గు పీకి ఉన్న మిషను ఇరుసును వేళ్లతో పట్టుకొని అటూ ఇటూ ఊపి చూడండి, కదలిక తెలియకూడదు. కొలెట్‌కు, కార్బన్ బ్రష్‌లకు విడిగా దొరుకుతాయా అని అడగండి. దొరకని మిషను ఎంత చవకైనా వద్దు. బిల్లు లేకుండా తేవద్దు, వారంటీ దానితోనే ఉంటుంది. బిట్లు ముప్ఫై ముక్కల డబ్బా చూసి ఆశపడకండి. ప్లైలోని జిగురు మామూలు ఉక్కు పదునును ఒక్క రోజులో తినేస్తుంది, కార్బైడు మొనవి కావాలి. మొదట నాలుగు చాలు: తిన్నటి గాడి బిట్టు, బేరింగు ఉన్న సన్‌మైకా బిట్టు, రెండు సూత్‌ల గుండ్రం, మెట్టు బిట్టు. తక్కినవి పని వచ్చినప్పుడు పని డబ్బుతోనే కొనుక్కోవచ్చు.

షెడ్డు గోడకు అంటించడానికి బిట్టు కొలతలు, వేగాలు, తోసే దిశ బాణాలు తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన కాగితం ఒకటి తయారుచేశాను. కార్యదర్శిగారి దగ్గర ఇరవై ప్రతులున్నాయి. దరఖాస్తు పెట్టిన ఐదుగురూ తలా ఒకటి తీసుకొని, తమ దగ్గర ఇప్పుడున్న బిట్లన్నీ, కొలెట్లన్నీ వచ్చే ఆదివారం తీసుకురండి. వెర్నియర్ నేను తెస్తాను. ఏది ఆరు, ఏది ఆరు పాయింట్ మూడైదు అన్నది మొదట తేల్చుకొని, కాడల మీద ఎర్ర రంగు, నీలి రంగు చుక్కలు పెట్టుకుందాం.